వంగి నడిచిన పిల్ల

పెద్దవాళ్ళు కూర్చుని ఉంటే వాళ్ళ ముందు నుంచి నిటారుగా నడిచి వెళ్ళకూడదని మా అమ్మ నేర్పింది. నడుము వంచి, తల దించి, కుడి చెయ్యి కాస్త కిందికి చాచి గబగబా దాటిపోవాలి. మా అమ్మది బర్మా. వాళ్ళ దేశంలో పిల్లలందరూ అలాగే దాటుతారు. దాటని పిల్లని చూస్తే "ఈ పిల్లకి తల్లి లేదా?" అని అడుగుతారట. ఆ నడక అమ్మ నాకు నేర్పింది, నా కూతురికి కూడా తనే నేర్పింది. నా కూతురు బడి మానేసి, తిండి మానేసి, నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకుంటే, అందరూ ఆ నడకనే తప్పు పట్టారు. నేనూ అలాగే నమ్మాను. నన్ను అలా నమ్మించిన మనిషి గురించే ఇది రాస్తున్నాను.

మా నాన్న శ్రీకాకుళం వైపు మనిషి. చిన్నతనంలో రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో కూలికి చేరి, అక్కడే మా అమ్మని పెళ్ళి చేసుకున్నాడు. నాకు పన్నెండేళ్ళు కూడా నిండకముందే ఇండియావాళ్ళందరితో పాటు మమ్మల్నీ ఆ దేశం నుంచి పంపేశారు. ఓడరేవులో అమ్మ మెడలో గొలుసు తీయించేశారు. విశాఖలో దిగి కొన్నాళ్ళు రేకుల షెడ్లలో ఉన్నాక, మిల్లులున్న ఊరని నాన్న మమ్మల్ని తెనాలి తీసుకొచ్చాడు. రంగూన్‌లో తవుడు వాసన, తెనాలిలోనూ అదే తవుడు వాసన. దిగిన మొదటిరోజే అమ్మ ఆ గాలి పీల్చి, "ఇక్కడ బతకొచ్చు" అంది. అక్కడ తెలుగువాళ్ళమని మమ్మల్ని కోరంగీలు అనేవాళ్ళు, ఇక్కడ బర్మావాళ్ళు అన్నారు. నన్ను బడిలో వెయ్యాలని ఎవరికీ తోచలేదు. నేనూ మిల్లులో నూకలు చెరగడానికి పోయేదాన్ని.

నాకు పెళ్ళయింది కూడా మాలాగే ఓడ దిగిన ఇంటివాళ్ళతోనే. మా ఆయన మిల్లులో బస్తాలు మోసేవాడు. మాకు ఒక్కతే కూతురు. తెనాలి పెద్దాసుపత్రిలో పుట్టింది. పుట్టగానే నర్సమ్మ ఎత్తి చూసి, "ఏంటమ్మా, మీ పిల్ల అప్పుడే నిద్రపోతోందా?" అంది. నిద్ర కాదు, కళ్ళే అంత. అచ్చం మా అమ్మ పోలిక.

మా ఇంటికి పక్క వాటాలో ఉండే ఆమెని నేను వదినా అని పిలిచేదాన్ని. ఆమె భర్త మార్కెట్లో గుమాస్తా. నా కూతురు పుట్టిన కొద్ది నెలలకే ఆమెకీ ఆడపిల్ల పుట్టింది. వదినకి జ్వరం తగిలి పాలు ఇంకిపోయాయి. ఆ పిల్ల రాత్రీ పగలూ ఏడుస్తుంటే నేనే తీసుకొచ్చి, ఒక పక్క నా పిల్లనీ ఒక పక్క ఆ పిల్లనీ వేసుకుని పాలిచ్చాను. వదిన మంచంలో నుంచే చేతులెత్తి దణ్ణం పెట్టింది. "నీ రుణం ఏ జన్మకీ తీరదే పిల్లా" అంది. ఇద్దరు పిల్లలూ ఒకే చాప మీద పెరిగారు.

వదినకి మా అమ్మ చేతి వంటంటే ప్రాణం. కొబ్బరిపాల పులుసులో అమ్మ సేమ్యా వేసి వండేది. రంగూన్‌లో అయితే దానికి వేరే నూడుల్స్ ఉంటాయి, ఇక్కడ సేమ్యాతో సరిపెట్టుకునేది. వాసన తగలగానే వదిన పెరటి గోడ దగ్గరికి వచ్చి, "పిన్నీ, ఓ గిన్నెడు ఇటు పడెయ్" అనేది. గోడ మీద నుంచే తీసుకుని అక్కడే నిలబడి తినేసి, మూతి తుడుచుకుని వెళ్ళేది. వీధి గుమ్మంలోంచి వచ్చి మా ఇంట్లో కూర్చుని ఎప్పుడూ తినలేదు. పేరంటాలకి వీధంతా బొట్టు పెట్టి పిలిచేది గానీ మా గుమ్మం మాత్రం ఎక్కేది కాదు. "నిన్ను పిలవడమేంటే, నువ్వు ఇంటి మనిషివి. పెరట్లోంచి వచ్చెయ్" అనేది. నేను మురిసిపోయి పెరట్లోంచే వెళ్ళి, పెరట్లోనే గారెల పప్పు రుబ్బి, పెరట్లోంచే వచ్చేసేదాన్ని.

మా అమ్మ ఒక బర్మా చెక్కని రాతి మీద అరగదీసి, ఆ గంధం బుగ్గలకి రాసుకునేది. మద్రాసు నుంచి ఎవరైనా వస్తే ఆ చెక్క తెప్పించుకునేది. నా కూతురికీ రాసేది. వీధిలో ఆడవాళ్ళందరూ పసుపు రాసుకునేవాళ్ళే. అది ఎవరికీ వింతగా ఉండేది కాదు. మా పిల్ల బుగ్గలు చూసి మాత్రం "సున్నం కొట్టుకొచ్చావేంటే?" అనేవాళ్ళు. ఆరో క్లాసుకి వచ్చేసరికి అమ్మ రాసిన గంధం వీధి చివర కొళాయి దగ్గర కడిగేసుకుని బడికి పోయేది. అమ్మకి తెలుసు. ఏమీ అనేది కాదు. మర్నాడు మళ్ళీ రాసేది.

బడిలో దాన్ని గూర్ఖా అనేవాళ్ళు. అప్పట్లో రాత్రిళ్ళు ఈల వేస్తూ కర్ర కొట్టుకుంటూ ఒక గూర్ఖా మా వీధుల్లో తిరిగేవాడు. నెల మొదట్లో ఇంటింటికీ వచ్చి డబ్బులడిగేవాడు. మగపిల్లలు నా కూతుర్ని చూసి, "గూర్ఖా సాబ్, మీ అన్నయ్య రాత్రి ఈల వెయ్యలేదేం? మా ఇంట్లో దొంగలు పడ్డారు!" అని అరిచేవాళ్ళు. మొదట్లో అదీ తక్కువ తినేది కాదు. "మీ ఇంట్లో ఏముందని పడ్డార్రా? గూర్ఖాకే రెండు నెలలు బాకీ మీ నాన్న" అనేది. అది విని మా అమ్మ బోసినోటితో పడీపడీ నవ్వేది.

ఒకసారి క్లాసులో మాస్టారు ప్రపంచ పటం వేలాడదీసి, "నీ ఊరెక్కడుందో చూపించమ్మా" అని దాన్నే లేపాడట. అది గుంటూరు పక్కన వేలు పెట్టింది. మాస్టారు దాని వేలు పట్టుకుని సముద్రం దాటించి రంగూన్ మీద పెట్టాడట. "ఇది నీ ఊరు" అన్నాడట. క్లాసంతా చప్పట్లు. ఇంటికొచ్చి ఆ వేలు చూపించి చెప్పింది. "నేను పుట్టింది ఇక్కడ కదమ్మా?" అని అడిగింది. మాస్టారు చెడ్డవాడేం కాదు, పాఠం చెబుతున్నానే అనుకుని ఉంటాడు. అప్పట్నుంచి ఎదురు మాటలు తగ్గిపోయాయి. ఒకరోజు చూద్దును కదా, అద్దం ముందు కూర్చుని బట్టలారేసే క్లిప్పు ముక్కుకి పెట్టుకుంది. ముక్కు సన్నబడుతుందని ఎవరో చెప్పారట. ముక్కు కంది ఉంది. దానికి తోడుగా పక్కనే కూర్చుని క్లిప్పు సరిచేస్తున్నది వదిన కూతురు. అంత స్నేహం వాళ్ళది.

దానికి పన్నెండో ఏట మా అమ్మ పోయింది. ఆ తర్వాత బుగ్గలకి గంధం లేదు. నడక మాత్రం మిగిలింది.

దానికి పద్నాలుగేళ్ళప్పుడు వదిన కూతురికి ఓణీల పేరంటం పెట్టారు. వీధిలో షామియానా వేశారు. బాపట్ల నుంచి వదిన అక్కగారు, వాళ్ళ వియ్యాలవారు, వాళ్ళ వెంట ఇంకో నలుగురు పెద్దవాళ్ళు దిగారు. నేను పొద్దుటి నుంచీ పెరట్లో పొయ్యి దగ్గరే ఉన్నాను. నా కూతురు కొత్త పరికిణీ కట్టుకుని ముందు గదిలో వదిన కూతురి పక్కన కూర్చుంది. మధ్యలో వదిన పిలిచి, "అమ్మడూ, ఈ కాఫీలు లోపల పెద్దవాళ్ళకి ఇచ్చి రామ్మా" అని పళ్ళెం చేతికిచ్చింది. అది పెద్దవాళ్ళ ముందు నుంచి, మా అమ్మ నేర్పినట్టే, నడుం వంచి తల దించి వెళ్ళింది. నాకు పెరట్లోకి పెద్ద నవ్వు వినబడింది. కాసేపటికి పిల్ల ఖాళీ పళ్ళెం తెచ్చి గట్టు మీద పెట్టి, నా వైపు చూడకుండా పెరటి గుమ్మంలోంచి ఇంటికి వెళ్ళిపోయింది. భోజనానికి రాలేదు. ఫోటోకి రాలేదు.

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏం లేదే, అది వంగి నడిచింది కదా, పిల్లలు నవ్వారు. మా బాపట్ల వాళ్ళకి మీ అలవాటేం తెలుసు? నువ్వైనా ఆ వంగుడు మానిపించకూడదూ?" అంది. నాకు నిజమే అనిపించింది.

ఆ మర్నాటి నుంచీ పిల్ల బడికి పోలేదు. కడుపునొప్పి అంది. తర్వాత ఏమీ అనడం కూడా మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. కంచం పెడితే మెతుకులు కెలికి వదిలేసేది. దువ్వుతుంటే జుట్టు గుప్పెళ్ళతో ఊడివచ్చేది. వదిన కూతురు వస్తే దుప్పటి ముసుగేసుకునేది. మా ఆయన మసీదు దగ్గర తాయెత్తు కట్టించుకొచ్చాడు. గాలి సోకిందని ఒకామె వేపమండలతో దిష్టి తీసింది. ఒక సాయంత్రం నేను చెరిగిన నూకలు డబ్బాలో పోస్తుంటే వెనక నుంచి, "నేను లేకపోతే నీకు బాగుంటుంది కదమ్మా" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. అందుకే నాకు భయమేసింది. ఆ రోజు నుంచీ మిల్లుకి పోవడం మానేసి దాన్ని కనిపెట్టుకుని కూర్చున్నాను. నా పిల్ల నాకు దక్కుతుందా లేదా అన్నది తప్ప నాకు వేరే ఆలోచన లేదు.

ఆ మాట నేను చెప్పుకున్నది ఒక్క వదినకే. ఆమె నా తల ఒళ్ళో పెట్టుకుంది. "ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వద్దు. పిచ్చిపిల్ల అంటారు. బాపట్లలో మంచి డాక్టరున్నాడు, నేను తీసుకెళతాను. మా పిల్ల మీద ఒట్టు, నా నోటెంట రాదు" అంది. అంత ఆదుకున్న మనిషి ఇంకొకరు లేరనుకున్నాను.

ముగ్గురం పాసింజరు బండిలో బాపట్ల వెళ్ళాం. డాక్టరు ముసలాయన. పిల్లని బయట కూర్చోబెట్టి మమ్మల్ని అడిగాడు. "ఇది గాలీ కాదు, ధూళీ కాదమ్మా. పిల్ల మనసుకి దెబ్బ తగిలింది. బాగా కావలసినవాళ్ళు ఎవరో ఏదో అని ఉంటారు. అదేంటో తెలుసుకోండి. మందులు రాస్తాను, మందులతో పాటు అదీ కావాలి."

"ఎవరూ ఏమీ అనలేదండి. బళ్ళో పిల్లలు గూర్ఖా అంటారండి, అంతే" అన్నాను.

వదిన నా పక్కనే కూర్చుని ఉంది. "ఎవరంటారండి డాక్టరుగారూ? మా పిల్లతో సమానంగా చూసుకుంటామండి దాన్ని. వంగి నడుస్తుందండి, నలుగురూ నవ్వుతారు కదండి. అదే మనసులో పెట్టుకుంది" అంది. ఆయన ఆమె వంక కాసేపు చూశాడు.

వదిన అక్కగారి ఇల్లు ఆసుపత్రికి దగ్గరే. అయినా మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళలేదు. "మా అక్క ఊళ్ళో లేదు" అని స్టేషను బయట ఇడ్లీలు తినిపించింది. రెండోసారి వెళ్ళినప్పుడూ అంతే. అప్పుడు మాత్రం ఇడ్లీ బల్ల దగ్గరే ఆ అక్కగారు ఎదురుపడింది, చేతిలో కూరల సంచీతో. వదినని చూసి, "ఏంటే, ఊళ్ళోకొచ్చి ఇంటికి రాకుండా పోతున్నావా?" అంది. తర్వాత నా కూతుర్ని చూసి, బుగ్గన వేలేసుకుంది.

"ఓహో, మీ పనిపిల్ల కదూ! వంగి వంగి కాఫీలిచ్చింది. దీనికా బాగోలేదు? నువ్వు వాళ్ళమ్మవా అమ్మా? అదృష్టవంతురాలివి. పనివాళ్ళ పిల్లని ఇలా సొంతపిల్లలా డాక్టరు దగ్గరికి ఎవరు తిప్పుతారు ఈ రోజుల్లో? ఆ రోజు మా వియ్యపురాలు అడిగింది, మీ అమ్మాయి పక్కన కూర్చున్న ఆ చైనా పిల్ల ఎవరని. మా ఇంట్లో పనిచేసే పిల్లండి, ఓ మూల కూర్చోమంటే పక్కన చేరింది అని చెప్పింది మా చెల్లి. పాపం, పిల్ల అక్కడే ఉంది, చక్కగా కప్పులు ఏరుకుని వెళ్ళింది. వినయమున్న పిల్ల!"

ఇడ్లీ బల్ల మీద ఈగలు ముసురుతున్నాయి. వదిన, "అక్కా, బండికి టైమైపోయింది" అంటూ సంచీ అందుకుంది. నేను నా కూతురి వంక చూశాను. అది నా వంక చూడలేదు. ఎవరో తన రహస్యం బయటపెట్టేసినట్టు చేతులు ఒళ్ళో దాచుకుంది.

బండిలో వదిన పొన్నూరు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తెనాలిలో దిగి ఇంటికొచ్చాక పిల్లని అడిగాను, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని. "అత్తయ్యంటే నీకు ప్రాణం కదమ్మా. నీకింకెవరున్నారు?" అంది. అన్నం మానేసిన పిల్ల, చచ్చిపోవాలనుకున్న పిల్ల, నా స్నేహాన్ని కాపాడుతూ పడుకుంది అన్ని నెలలూ.

వదిన దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు పెరట్లోంచి కాదు, వీధి గుమ్మంలోంచి వెళ్ళాను. బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"ఏం చెప్పమంటావే? పక్కింటి బర్మావాళ్ళ పిల్ల అంటే ఊరుకుంటారా? ఏ కులం, ఏ మతం, వాళ్ళ ఇంట్లో ఏం తింటారు, మీరూ తింటారా అని సవాలక్ష అడుగుతారు. రేపు నా పిల్లకి సంబంధాలు రావాలి. ఒక్క పూట మాట, అక్కడితో పోయింది."

"పోలేదు వదినా. మా ఇంట్లో పడుకుని ఉంది."

"అయినా పనిపిల్ల అంటే అంత తప్పేంటే? పనిచేసుకునేవాళ్ళు మనుషులు కారా? నువ్వు మిల్లులో పనిచెయ్యలేదూ?"

"డాక్టరుగారు అడిగినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు" అన్నాను.

బియ్యంలోంచి ఒక రాయి తీసి పారేసింది. కాసేపటికి, "పిల్లకి కాస్త మజ్జిగన్నం పెట్టు, ఎండన పడొచ్చింది" అంది, ఎప్పటిలాగే. ఆ ఎప్పటిలాగే అన్న గొంతే నాకు ఇప్పటికీ మరపు రాదు. పద్నాలుగేళ్ళు నేను విన్న ప్రేమంతా ఆ గొంతులోదే. అందులో ఎంత నిజమో ఇక ఎవరిని అడగను?

వారం తిరక్కుండా ఇంకో మాట తెలిసింది. కొళాయి దగ్గర ఒకామె బిందె పక్కకి జరిపి, "మీ అమ్మాయికి బాపట్లలో మతి వైద్యం జరుగుతోందట కదా, మా పిల్లలున్నారు, కాస్త చూసుకో" అంది. ఆ సంగతి తెలిసినది మా ఇంట్లో వాళ్ళం కాక ఒక్కరికే. కూతురి మీద పెట్టిన ఒట్టు అది.

ఆ వీధిలో పిల్ల బతకదని నాకు అర్థమైంది. మా ఆయన రేపల్లెలో ఒక మిల్లులో పని చూసుకున్నాడు. రేపల్లెకి తెనాలి నుంచి బండి వెళుతుంది, అక్కడితో పట్టాలు అయిపోతాయి. సామాను దించుతూ మా ఆయన, "ఇక తరిమేసినా పోవడానికి దారి లేదు" అని నవ్వాడు. నేను ఊరు విడవడం అది రెండోసారి. మొదటిసారి పంపించింది ప్రభుత్వం. దాని మీద నాకు ఇంత కోపం లేదు.

బాపట్ల డాక్టరు దగ్గరికి మేమిద్దరమే వెళుతూ వచ్చాం. "ఈ పిల్ల పెద్దరికం చేసే పని ఏదైనా ఇంట్లో ఉందా?" అని ఆయన ఒకసారి అడిగాడు. నాకు చదువు రాదని చెప్పాను. ఆయన నా కూతురి వంక చూసి, "అయితే దొరికింది నీకు పని" అన్నాడు. అలా నేను ముప్పై దాటాక పలక పట్టాను. మొదట్లో అది పడుకునే చెప్పేది, నేను కింద కూర్చుని దిద్దేదాన్ని. తప్పు రాస్తే చూడడానికి లేవాల్సి వచ్చేది. నాకు తప్పులు చాలా వచ్చేవి. "అమ్మా, ఇది అక్షరమా, ఎండ్రకాయా?" అని ఒకరోజు అంది. ఆ మాటకి నేను నవ్వలేక వంటగదిలోకి వెళ్ళి ఏడ్చాను. అది మెల్లగా అన్నం తింది, మెల్లగా వీధిలోకి వచ్చింది, ఇంట్లో చదివి పదో తరగతి పరీక్ష రాసింది, కుట్టుమిషను నేర్చుకుంది. పూర్తిగా బాగయిందని మాత్రం నేను చెప్పను. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆ గోడ దాన్ని పిలిచేది.

తొంభైలు వచ్చాక, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, వదిన మా గుమ్మంలో నిలబడింది. చేతిలో కుంకుమ భరిణె. కూతురి పెళ్ళికి పిలవడానికి వచ్చింది. అన్నేళ్ళలో మొదటిసారి నా వీధి గుమ్మం ఎక్కి, నాకు బొట్టు పెట్టింది. జుట్టు నెరిసింది. "ఇంటిల్లిపాదీ రావాలే. నువ్వు పాలిచ్చిన పిల్ల" అంది. కుర్చీలో కూర్చుంది. నేను మంచినీళ్ళకి లేచి ఆమె ముందు నుంచి వెళుతుంటే నా నడుము వంగిపోయింది. వంగకూడదని అనుకునేలోపే వంగింది.

"ఇంకా ఆ అలవాటు పోలేదా నీకు!" అని వదిన నవ్వింది, ప్రేమగానే.

మిషను మీద కుడుతున్న నా కూతురు లేచింది. నా చేతిలో గ్లాసు తీసుకుంది. నిటారుగా నడిచి వెళ్ళి ఆమెకి అందించింది.

"ఎవరూ, అమ్మడేనా? ఎంత ఎదిగిపోయావే!"

"కాదండి" అంది నా కూతురు. అత్తయ్యా అనలేదు. "నేను ఈ ఇంట్లో పనిచేసే పిల్లనండి."

వదిన గ్లాసు కింద పెట్టేసింది. నీళ్ళు తాగలేదు. శుభలేఖ బల్ల మీద పెట్టి, పసుపు రాసిన ఆ అంచు సరిచేసి, "బండికి టైమైంది" అని లేచింది. నేను గుమ్మం దాకా వెళ్ళాను. ఒక్క మాట అంటుందేమోనని చూశాను. తప్పయిందనకపోయినా ఫరవాలేదు, పిల్ల ఎలా ఉంటోందని అడిగినా చాలు. రిక్షా ఎక్కి పైట సర్దుకుంది.

గెలిచామని నేనేం అనుకోలేదు. ఆ సాయంత్రమే నా కూతురు మిషను మీద గుడ్డ కప్పేసి గోడవైపు తిరిగి పడుకుంది. లేవడానికి చాలా రోజులు పట్టింది. పెళ్ళికి మేము వెళ్ళలేదు. నా పాలు తాగిన పిల్ల పెళ్ళి ఎలా జరిగిందో, ఆ పిల్ల మమ్మల్ని అడిగిందో లేదో నాకు తెలియదు.

నాకు ఇప్పటికీ ఎవరైనా పెద్దవాళ్ళు కూర్చుని ఉంటే నడుము దానంతటదే వంగుతుంది. నా కూతురు మాత్రం ఎవరి ముందూ వంగదు. నిటారుగా, ఎటూ చూడకుండా నడిచి వెళుతుంది. అది చూసి కొందరు పొగరంటారు. మా అమ్మ ఉంటే ఏమని అడిగేదో నాకు తెలుసు. ఈ పిల్లకి తల్లి లేదా అనేది.